బందరు రేవులో ఐసు కూత

బందరు వెళ్లొచ్చానని తెలియగానే మా ఆఫీసులో ప్రతివాళ్ల కళ్లూ నా సంచీ మీదే. లడ్డూలు తెచ్చాను, పంచాను, కాసేపట్లో డబ్బా ఖాళీ. అక్కడ ఏం చూశావని అడిగినవాళ్లు మాత్రం ఇద్దరే. ఆ ఇద్దరికీ నోటితో చెప్పబోయి సగంలో ఆపేశాను. అందుకే కూర్చుని రాస్తున్నాను. ఆ వైపు ఎప్పుడూ వెళ్లనివాళ్లు చదివినా మంచిదే.

నా పేరు శారద. హైదరాబాదు బాలానగర్‌లో ఒక చిన్న కార్ఖానాలో ఇన్‌స్ట్రుమెంటేషన్ ఇంజనీరుని. మాది అనంతపురం జిల్లా. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అంటుంది, కాదనను. మా కార్ఖానాలో తయారయ్యేవి అరచేతిలో పట్టే పెట్టెలు. ఫ్యాక్టరీల్లో వేడినో, పీడనాన్నో, గ్యాసునో పసిగట్టే సెన్సరు తనకు తెలిసిన సంగతిని వోల్టుల రూపంలో పంపుతుంది. ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట కట్టిన కంట్రోల్ ప్యానెల్‌కి ఆ వోల్టులు సరిపడవు. పాత ప్యానెల్ పీకి కొత్తది పెట్టే స్తోమత అందరికీ ఉండదు కాబట్టి, మధ్యలో మా పెట్టె కూర్చుని లెక్క సరిచేస్తుంది.

ఈసారి పని బందరు అవతల, సముద్రం ఒడ్డున ఒక ఐసు ఫ్యాక్టరీలో పడింది. ఊరి పేరు రాయొద్దని అక్కడివాళ్లు అడిగారు, రాయను. పోయిన వానాకాలంలో ఆ ఫ్యాక్టరీలో అమ్మోనియా లీకయింది. ఐసు గడ్డకట్టాలంటే ఆ గ్యాసు ఉండాల్సిందే. అదే గొట్టం దాటి బయటికొస్తే ఊపిరితిత్తుల్ని కాల్చేస్తుంది. నాంచారమ్మ అనే చేపలమ్మే ఆవిడ ఐసు కోసం వచ్చి ఆ గ్యాసులో చిక్కుకుని పోయింది. ఆమె భర్త ఏడుకొండలు ఆ ఫ్యాక్టరీలోనే ఆపరేటరు. అప్పటినుంచి ఫ్యాక్టరీకి తాళం. లీకు కనిపెట్టి తనంతట తానే సైరన్ మోగించే ఏర్పాటు ఉంటే తప్ప తెరవనివ్వనని ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు చెప్పేశాడు. యజమాని రంగారావు గారు బొంబాయి నుంచి కొత్త సెన్సరు తెప్పించి బిగించారు. ప్యానెల్ ఉలకలేదు, పలకలేదు. అప్పుడు మాకు ఫోన్ చేశారు.

"ఇంకోసారి ఎవరూ పోకూడదమ్మా. నాకు కావాల్సింది అంతే" అన్నారు. ఇంకెవరినో పంపుదామని మా మేనేజరు అంటుంటే, నేనే వెళ్తానని బ్యాగు సర్దుకున్నాను.

విజయవాడ, వన్ టౌన్

రైలు దిగేసరికే ఒళ్లంతా చెమట. మా అనంతపురం ఎండ కాలుస్తుంది గానీ తడపదు. విజయవాడ ఎండ మనిషిని కుండలో పెట్టి ఉడకబెడుతుంది. వన్ టౌన్‌లో నాలుగు సందులు తిరిగి, రెండుసార్లు దారి తప్పి, ఒక రిక్షావాడితో పోట్లాడి, చివరికి కరీముల్లా గారి కొట్టు పట్టుకున్నాను. డెల్టాలో రైస్ మిల్లులకీ, కోల్డ్ స్టోరేజీలకీ ప్యానెళ్లు కట్టే మనిషి. మా పెట్టెకి ఇరవై నాలుగు వోల్టుల సప్లై ఒకటి ఆయన దగ్గర తీసుకోవాలి.

ఆయన నన్ను చూసి, నా భుజం మీదుగా వెనక్కి చూశారు. "సారు రాలేదా అమ్మా?"

"నేనే సారుని" అన్నాను.

ఆయన చప్పున కుర్చీ తుడిచి ముందుకు జరిపారు. "తప్పయిపోయిందమ్మా. ముందు టీ తాగండి, తర్వాత తిడుదురు గాని."

అలా అనే మనిషిని ఎవరు మాత్రం తిట్టగలరు? టీ చిక్కగా ఉంది, గ్లాసు రెండు రూపాయలట, ఆయన ఇవ్వనివ్వలేదు. ఏ ఫ్యాక్టరీకో చెప్పగానే ఆయన మొహం మారిపోయింది.

"పేపర్లో నాలుగు లైన్లు వేశారమ్మా, చదివాను. మా ఆవిడైతే ఆ రోజంతా అదే మాట. ఐసు ముక్క కోసం వెళ్లి పోవడమేంటని." సప్లైకి డబ్బు తీసుకున్నారు గానీ, తీగలు బిగించే టెర్మినళ్లూ, రబ్బరు తొడుగులూ ఒక కవర్లో వేసి ఊరికే చేతిలో పెట్టారు. "ఈ పనికి వీటికి కూడా లెక్క కడితే నాకు నిద్ర పట్టదు" అన్నారు.

మధ్యాహ్నం గాంధీనగర్‌లో ఒక మెస్సులో భోంచేశాను. ఇరవై రూపాయల భోజనం. ముందు కందిపొడి, నెయ్యి. తర్వాత గోంగూర. తర్వాత పప్పు, కూర, పులుసు, చారు, గడ్డపెరుగు. మా ఊళ్లో సంగటి ముద్దా, చెనిగ్గింజల చట్నీ, అంటే వేరుశనగ చట్నీ, ఉంటే పండగే. ఇక్కడ విస్తరి ఖాళీగా కనిపిస్తే వడ్డించేవాడికి అవమానంలా ఉంది. "కారం తట్టుకోగలరాండీ?" అని నన్నడిగాడు. రాయలసీమ మనిషిని! నవ్వాలో కసరాలో తెలియక ఇంకో ముద్ద గోంగూర వేయించుకున్నాను.

బందరు బస్సులో

కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు. దారి పొడవునా కాలవ మనతోనే వస్తుంది. పొలం మడిలో నీళ్లు, గుంటలో నీళ్లు, రోడ్డు పక్కన నీళ్లు. బిందెడు నీళ్ల కోసం బోరింగు దగ్గర జుట్లు పట్టుకున్న ఊరి దాన్ని నేను. ఆ నీళ్లు అలా ఊరికే పోతుంటే మొదట సంతోషం వేసింది, కాసేపటికి ఒళ్లు మండింది.

పక్క సీట్లో పెడన ఆవిడ ఒకరు కూర్చున్నారు. వాళ్లింట్లో అందరూ మగ్గం నేస్తారట, ఆవిడ గుడ్డలమూట పట్టుకుని విజయవాడ కొట్లకు తిరిగి వస్తున్నారు. ఏం పని మీద వెళ్తున్నానని అడిగారు. ఈ ప్రశ్నకి నేను మామూలుగా "కరెంటు పని" అని తప్పించుకుంటాను. ఆవిడ మొహం చూసి అబద్ధం చెప్పాలనిపించలేదు.

"అక్కడ గ్యాసుని పసిగట్టే సెన్సరు ఉందండీ. గాలి శుభ్రంగా ఉంటే ఒక వోల్టు పంపుతుంది. గ్యాసు నిండిపోతే ఐదు వోల్టులు. అంతకు మించి పంపలేదు. పాత ప్యానెల్ ఏమో సున్నా నుంచి పది దాకా చదువుతుంది. ఆరు దాటితేనే సైరన్ మోగాలని దాన్ని ఎప్పుడో కట్టేశారు."

ఆవిడ వేళ్ల మీద లెక్కపెట్టారు. "అంటే గ్యాసు ఎంతొచ్చినా ఐదే గదా. ఆరు ఎప్పుడు దాటాల?"

"దాటదు. ఊరంతా గ్యాసుతో నిండినా దాటదు."

"అమ్మో" అని మూట గట్టిగా పట్టుకున్నారు. తర్వాత తనే అన్నారు, "గజంబద్దతో కొలిచింది మీటరు లెక్కలో చెప్పినట్టన్నమాట మీ పని."

సరిగ్గా అదే. వచ్చిన దాంట్లోంచి ఒక వోల్టు తీసేసి, మిగిలినదాన్ని రెండున్నర రెట్లు చెయ్యాలి. అప్పుడు ఒకటి సున్నా అవుతుంది, ఐదు పది అవుతుంది. సైరన్ మోగే గీతని ఆరు నుంచి కిందికి దించితే పోదా అని మీరు అడగొచ్చు. దించవచ్చు. కానీ సెన్సరు నుంచి ప్యానెల్ దాకా తీగ మోటార్ల పక్కనుంచి పోతుంది, మోటారు స్టార్టయినప్పుడల్లా కాస్త దొంగ వోల్టేజీ దాంట్లో కలుస్తుంది. గీత మరీ కిందుంటే ఉత్తుత్తికే మోగుతుంది. నాలుగుసార్లు ఉత్తుత్తికే మోగిన అలారం తీగని ఐదోసారి ఎవడో ఒకడు పీకేస్తాడు. ఇది నేను చాలా ఫ్యాక్టరీల్లో చూశాను.

బందరులో దిగేసరికి బస్సు పైన వేసిన నా పనిముట్ల పెట్టె మీద ఎవరో ఎండుచేపల బుట్ట పెట్టి ఉన్నారు. కండక్టరు మీద విరుచుకుపడ్డాను. "మంచి వాసనేగదండీ, కడిగితే పోద్ది" అన్నాడు. ఇప్పటికీ పోలేదు.

బందరు

సెన్సరు పనిచేస్తోందో లేదో చూడాలంటే కాస్త అమ్మోనియా కావాలి. దూదిని అందులో ముంచి సెన్సరు ముక్కు దగ్గర పెడితే చాలు. బందరులో అది దొరికే చోటు నాకు తెలుసు. ఇళ్ల ప్లానులకి అమ్మోనియా ప్రింట్లు తీసే కొట్టు ప్రతి టౌనులోనూ ఉంటుంది. కోనేరు సెంటర్‌కి కాస్త అవతల ఒకటి కనిపించింది. కొట్టాయన చిన్న సీసా అయితే ఇచ్చాడు గానీ, "ఎందుకండీ?" అని అడిగి, చెప్పగానే సీసా మీద చెయ్యి తియ్యకుండా నిలబడిపోయాడు.

"ఆ రోజు మా దగ్గరికి ఇద్దరు ముగ్గురు వచ్చారండీ. మీ కొట్లో కూడా ఇదే ఉంటది గదా, మీకేమవదా అని అడిగారు. ఏం చెప్పమంటారు?" అన్నాడు. నేను డబ్బిచ్చి, సీసాని గుడ్డలో చుట్టి సంచీలో పెట్టుకున్నాను.

లాడ్జిలో దోమలు. ఎస్టీడీ బూత్ నుంచి ఇంటికి ఫోన్ చేస్తే మా అమ్మ మొదటి ప్రశ్న, "సముద్రం చూసినావా?" ఇంకా లేదన్నాను.

రేవు

మర్నాడు రంగారావు గారు జీపులో తీసుకెళ్లారు. ఉప్పుమళ్లు దాటాక కాలవ వెడల్పయింది, పడవలు వరసగా కట్టి ఉన్నాయి. ఒడ్డున ఆడవాళ్లు వరి ఊకలోంచి ఐసు ముక్కలు ఏరుతున్నారు. ఊళ్లో ఫ్యాక్టరీ మూతపడ్డాక ఐసు బందరు నుంచి ఆటోల్లో వస్తోందట. వచ్చేసరికి సగం నీళ్లు. ఐసు లేక చేపని ఏ ధరకంటే ఆ ధరకి అమ్మేస్తున్నారని రంగారావు గారు చెప్పారు. పెద్ద మనిషి, మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోతారు. ఫ్యాక్టరీ తెరవాలనీ ఉంది, తెరవాలంటే భయంగానూ ఉందని నాకు అర్థమైంది.

ఏడుకొండలు గేటు తీశాడు. నలభై ఐదేళ్లుంటాయేమో, సన్నటి మనిషి. నడవని కంప్రెసర్ తళతళలాడుతోంది, రోజూ వచ్చి తుడుస్తాడట. నేను ఏది అడిగితే అది తెచ్చిస్తాడు, నిచ్చెన పట్టుకుంటాడు, తీగ లాగుతాడు. తనంతట తను ఒక్క మాట మాట్లాడడు.

పని మొదలుపెట్టిన కాసేపటికే నాకు శాస్తి జరిగింది. ఆ పాత ప్యానెల్‌లో ప్లస్ తీగని ఎర్తుకి, అంటే దాని ఇనుప చట్రానికి, కలిపారు. ఆ కాలంలో కొందరు అలా కట్టేవాళ్లు. నేను చూసుకోకుండా మైనస్ తీగని కూడా అదే చట్రానికి తగిలించాను. టప్పుమని ఫ్యూజు పోయింది. నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయను. కరీముల్లా గారి దగ్గర తెచ్చిన సప్లైని ప్యానెల్‌తో సంబంధం లేకుండా విడిగా పెట్టి, మా పెట్టెని దాని మీద నడిపించాక దారికొచ్చింది. గాలి శుభ్రంగా ఉన్నప్పుడు ప్యానెల్ ముల్లు సున్నా మీద నిలబడింది.

ఆ సెన్సరు సున్నా నుంచి కాక ఒకటి నుంచి మొదలుపెట్టడంలో ఒక తెలివి ఉంది. తీగ తెగితే ఏ వోల్టూ రాదు. గ్యాసు లేకపోవడం వేరు, కబురే రాకపోవడం వేరు. కబురు రాకపోతే వెలిగే పసుపు దీపం ఒకటి కూడా పెట్టాను. ఏడుకొండలు ముందే తీగ ఊడదీసి, దీపం వెలగడం చూపించాను. తల ఊపాడు.

మధ్యాహ్నం అన్నం అతని వదినె తులసమ్మ ఇంట్లో. నాంచారమ్మకి సొంత అక్క. చెల్లెలు పోయాక మరిదికి రెండు పూటలా తనే వండి పెడుతోంది. చేపల పులుసు, దాంట్లో పుల్లమామిడి ముక్కలు. మా వైపు చేప అంటే చెరువు చేపే, అదీ ఏడాదికి ఒకసారి చెరువు ఎండితే. తింటుంటే కళ్లమ్మట నీళ్లొచ్చాయి, కారానికి.

"మెల్లగా తినమ్మా, ముళ్లుంటయ్. ఆడపిల్లవి ఇంత దూరం ఒక్కదానివే వచ్చావా? మీ ఆయన ఏమనడా?"

"అనడానికి ఆయన ఉండాలి కదక్కా" అన్నాను.

"అదృష్టవంతురాలివి" అని ఇంకో చేపముక్క వేసింది. అక్కడున్న ఆడవాళ్లందరూ నవ్వారు. ఏడుకొండలు నవ్వలేదు, కంచం వైపు చూస్తూ తిన్నాడు.

సైరన్

సాయంత్రానికి అంతా సిద్ధమైంది. మీటరు లెక్కలన్నీ కుదిరాయి. సెన్సరు రెండు వోల్టులిస్తే ముల్లు రెండున్నర, మూడిస్తే ఐదు, నాలుగిస్తే ఏడున్నర. గీతని ఆరు నుంచి మూడుకి దించాను. పెట్టె సెన్సరు పక్కనే కూర్చుని వోల్టుల్ని పెంచి పంపుతుంది కాబట్టి, మోటార్ల దొంగ వోల్టేజీ ఇప్పుడు మూడుని అందుకోలేదు. గ్యాసు మనిషిని పట్టుకోకముందే మోగుతుంది. రంగారావు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఏడుకొండలుని సైరన్ మెయిన్ ఆన్ చెయ్యమన్నాను.

అతను స్విచ్చి దగ్గర ఆగాడు. "సైరన్‌కే కలపాలా అమ్మా?"

పొద్దుటినుంచి అతను నన్నడిగిన మొదటి ప్రశ్న అది. నేను వినిపించుకున్నానా? అలసిపోయి ఉన్నాను, ఫ్యూజు మీద కోపం ఇంకా తీరలేదు. "మరి దేనికి కలుపుతారయ్యా, డోలుకా? వెయ్యండి" అన్నాను. వేశాడు.

దూది ముంచి సెన్సరు దగ్గర పెట్టాను. ముల్లు లేచింది. ఒకటి, రెండు, మూడు. పైకప్పు మీద సైరన్ అందుకుంది. ఆహా అనుకున్నాను. నిజం చెప్పాలంటే గంతేయాలనిపించింది.

ఇంతలో గేటు అవతల అరుపులు వినిపించాయి. బయటికొచ్చి చూస్తే ఊరు ఊరంతా పరిగెత్తుకుంటూ వస్తోంది. మా వైపే! చంకలో బుట్టలు, నెత్తి మీద తట్టలు, ఒకావిడ తడిచేతులతోనే, ఒకావిడ పిల్లని ఎత్తుకుని. అందరికంటే ముందు తులసమ్మ. నవ్వుతున్నారు. "తెరిచారే, తెరిచారే" అని అరుస్తున్నారు. గేటు మీద పడి తోసుకుంటున్నారు.

నాకేమీ అర్థం కాలేదు. రంగారావు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అప్పటిదాకా ఆయనకీ తట్టలేదట, ఇప్పుడు మెల్లగా చెప్పారు. ఫ్యాక్టరీ కట్టినప్పటినుంచీ తొట్టిలోంచి ఐసు దిమ్మలు పైకి తీసే ముందు సైరన్ ఒకసారి కొడతారు. ముందొచ్చినవాళ్లకి పూర్తి దిమ్మ, వెనకొచ్చినవాళ్లకి విరిగిన ముక్కలు. అందుకని కూత వినబడితే చేతిలో పని చేతిలోనే వదిలేసి పరిగెత్తుతారు. దాన్ని అక్కడ సైరన్ అని కూడా అనరు. ఐసు కూత అంటారు.

"మరి ఆ రోజు..." అన్నాను.

ఏడుకొండలు గేటు కమ్ములు పట్టుకుని అవతలివాళ్లని చూస్తున్నాడు. వాళ్లకీ మాకూ అందరికీ వినపడేలా అన్నాడు.

"ఆ రోజు కూత కొట్టింది నేనేనండీ. ఐసుకి కాదు. గొట్టం పగిలింది, కళ్లు మండిపోయినయ్. ఊళ్లోవాళ్లు పారిపోతారని కొట్టా. దూరంగా పోతారనుకున్నా. బుర్ర పనిచెయ్యలా. నాంచారి అందరికంటే ముందొచ్చింది. దానికి ఎప్పుడూ పూర్తి దిమ్మే కావాల."

బుట్టలన్నీ ఆగిపోయాయి. ఇన్ని నెలలు ఊరంతా అనుకున్నది వేరు. మామూలుగా ఐసు తీసే వేళకి కూత కొట్టారు, ఆమె వచ్చింది, అప్పుడే గ్యాసు లీకయింది అనుకున్నారు. రంగారావు గారూ అదే అనుకున్నారు. అతను ఎవరికీ చెప్పలేదు. ఎలా చెబుతాడు?

నేను గేటు పక్క సిమెంటు అరుగు మీద కూర్చున్నాను. ఆ రోజు అతను చేత్తో చేసినదాన్నే నా పెట్టె ఇంకా త్వరగా, ఇంకా తప్పకుండా చేసేది. వోల్టులన్నీ అణా పైసలతో కుదిర్చి, ఊరందర్నీ గ్యాసులోకి పిలిచే ఏర్పాటు చేసి, సంతకం పెట్టి వెళ్లిపోయేదాన్ని.

తులసమ్మ తట్ట కింద పెట్టి నేల మీద కూర్చుంది. చాలాసేపు ఏడ్చింది. తర్వాత లేచి, గేటు కమ్ముల సందులోంచి అతని చెయ్యి పట్టుకుంది. "చంపడానికి పిలిచావా మరిదీ? బతకడానికేగా పిలిచావు" అంది. అతను చెయ్యి విడిపించుకోలేదు. "తప్పే గదా వదినా" అన్నాడు. "తప్పే. నేనుంటే నేనూ అదే చేసేదాన్ని" అంది ఆవిడ.

ఏ కూతకి పారిపోతారు

మర్నాడు పొద్దున ఫ్యాక్టరీ ముందు అందరం కూర్చున్నాం. రంగారావు గారు ఒక దారి చెప్పారు. ఐసుకి ఒక కూత, గ్యాసుకి మూడు కూతలు పెడదామన్నారు.

"మొదటి కూతకే సగం దూరం వచ్చేస్తాం గదయ్యా" అంది తులసమ్మ. "మూడోది మోగేసరికి గేట్లో ఉంటాం."

కూత పొడుగ్గా పెడితే? పొట్టిగా పెడితే? ఎవరూ ఒప్పుకోలేదు. పరిగెత్తేవాళ్లు లెక్కపెట్టుకుంటారా? నేను వేరే ప్రశ్న అడిగాను. "మీరు ఏది వింటే వెనక్కి చూడకుండా పారిపోతారు?"

ఒకావిడ డప్పు అంది. ఒకావిడ మొగుడి గొంతు అంది, నవ్వులు. అప్పుడు పిల్లని ఎత్తుకున్నావిడ అంది, "తుఫానప్పుడు జీపు వచ్చుద్ది గదా, కుయ్ కుయ్‌మని పైకీ కిందికీ. దానికైతే పిల్లల్ని చంకనేసుకుని షెల్టరుకి పోతాం. అన్నం కూడా దించుకోం."

తుఫాను షెల్టరు ఊరికి రెండో కొసన ఉంది. ఫ్యాక్టరీకి దూరం. అందరూ ఆవిడ వైపు చూశారు.

మళ్లీ విజయవాడ

ఆ మర్నాడు మొదటి బస్సు ఎక్కి తిరిగి కరీముల్లా గారి దగ్గరికి వెళ్లాను. జరిగిందంతా చెప్పాను. ఆయన చేస్తున్న పని పక్కన పెట్టి, కొట్టు తలుపు సగం దించి, నన్ను స్కూటరు మీద ఆటోనగర్ తీసుకెళ్లారు. లారీలకీ బస్సులకీ బాడీలు కట్టే పేట అది. సుత్తి దెబ్బల మధ్య ఒకరి మాట ఒకరికి వినపడదు. ఒక్కో కొట్టు దగ్గరా హారన్లు మోగించి చూశాం. ఒకటి గేదె అరిచినట్టుంది, ఒకటి పెళ్లి ఊరేగింపులా ఉంది. చివరికి దొరికింది, పైకీ కిందికీ ఊగే కూత.

"లారీది గనక ఇరవై నాలుగు వోల్టులమ్మా. మీ సప్లై కూడా ఇరవై నాలుగే. మధ్యలో ఏ పెట్టే అక్కర్లేదు" అన్నారు ఆయన. రెండు బ్యాటరీలు కూడా కొన్నాం, కరెంటు పోయినా మోగాలి కాబట్టి. కొట్టువాడు ధర చెబితే ఆయన ఉర్దూలో ఏదో అన్నారు. ధర తగ్గింది. ఏమన్నారని అడిగితే, "ఆడవాళ్ల ప్రాణాలకి బేరం ఆడకురా అన్నాను" అన్నారు.

అంత మంచి మనుషుల మధ్య తిరిగాను ఈ ప్రయాణంలో. నా గయ్యాళితనం చూసి నాకే సిగ్గేసింది.

రేవులో ఆఖరి రోజు

సైరన్ తీగని ప్యానెల్ నుంచి పూర్తిగా విప్పేశాను. అది ఐసుకే, చేత్తో నొక్కితేనే. గ్యాసు గీత దాటితే మోగేది లారీ హారన్ మాత్రమే. దాన్ని పైకప్పు మీద షెల్టరు వైపు తిప్పి బిగించాం.

నేను తీగలు కట్టేలోగా ఏడుకొండలు ఊళ్లో గడప గడపకీ తిరిగాడు. తులసమ్మ వెంట వెళ్లింది. ఆవిడే నాకు చెప్పింది. ప్రతి ఇంటి ముందూ నిలబడి మొదట ఆ మాటే చెప్పాడట, ఆ రోజు కూత కొట్టింది నేనేనని. తర్వాత ఇది చెప్పాడట. కుయ్ కుయ్‌మంటే ఇటు రాకండి, ముక్కుకి తడిగుడ్డ పెట్టుకుని షెల్టరుకి పోండి, ఎవరూ ఎవరి కోసమూ ఫ్యాక్టరీ వైపు రాకండి. ఒక ముసలాయన తలుపు వేసేసుకున్నాడట. అతను మూసిన తలుపుకే అంతా చెప్పి పక్కింటికి వెళ్లాడట.

పరీక్ష ఒకటి చేస్తామని ఊరికి తెలుసు, ఎప్పుడో తెలియదు. పొద్దుటి పడవలు ఒడ్డు చేరి, ఆడవాళ్లు చేపలు వేరుచేసుకునే వేళ చూసుకుని దూది ముంచాను. ముల్లు మూడు దాటింది. పైకప్పు మీద కూత మొదలైంది, పైకీ కిందికీ.

రంగారావు గారు కళ్లు మూసుకున్నారు. నేను పరుగున గేటు దగ్గరికి వెళ్లాను. ఏడుకొండలు అప్పటికే అక్కడున్నాడు. గేటు బార్లా తీసి, రోడ్డు మధ్యలో నిలబడి ఊరి వైపు చూస్తున్నాడు.

ఒడ్డున చేపల కుప్పలు అలాగే ఉన్నాయి, వాటి మీద కాకులు దిగుతున్నాయి. దూరంగా షెల్టరు వైపు దుమ్ము, పిల్లల అరుపులు. మా వైపు రోడ్డు మీద ఒక కుక్క తప్ప ఏమీ లేదు. హారన్ ఆపాక కూడా అతను కదల్లేదు.

"ఎవరూ రాలేదు గదమ్మా" అన్నాడు.

"రాలేదు" అన్నాను.

అతను రోడ్డు మీద రెండడుగులు ముందుకేశాడు. మళ్లీ ఆ చివరి నుంచి ఈ చివరి దాకా రోడ్డంతా చూశాడు.

"ఎవరూ రాలేదు గదా?" అని ఇంకోసారి అడిగాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే, రాలేదని ఇంకోసారి చెప్పాను.